బిడ్డ నెలకు పది రోజులు తండ్రి దగ్గరుంటే భరణం తగ్గాలా?

పెన్నా ఒడ్డు:
తెలిసినవాళ్ల కేసు. తల్లి కర్నూల్లో, తండ్రి అనంతపురంలో. ఎనిమిదేళ్ల పాప. పాప పూర్తిగా తల్లి దగ్గరున్నప్పుడు ఫ్యామిలీ కోర్టు బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 125) కింద నెలకు 9,000 వేసింది. ఇప్పుడు పెద్దమనుషుల రాజీతో వారాంతాలు, సెలవులు కలిపి నెలకు సగటున పది రోజులు తండ్రి దగ్గర. మూడో వంతు రోజులు తండ్రి దగ్గరైతే భరణం 6,000 కావాల కదా? బ్రిటన్‌లో ఏడాదికి 52 రాత్రులుంటే చాలు, తగ్గిస్తారు.

బురుజు కర్నూలు:
రాత్రుల లెక్కన భరణం తగ్గించే ఆ బ్రిటన్ పట్టికే తీసుకున్నా ఏడాదికి 120 రాత్రులకు తగ్గేది ఏడింట రెండు వంతులు, మూడో వంతు కాదు. పైగా మన చట్టంలో అట్లాంటి పట్టికే లేదు. ఉమ్మడి సంరక్షణకు చోటివ్వమని లా కమిషన్ 2015లో 257వ నివేదిక ఇచ్చింది, చట్టం మారలేదు. కోర్టు చూసేది పాప అవసరం, ఇద్దరి సంపాదన.

ఉదాహరణకు నెల ఖర్చు ఇట్లా వేసుకోండి: స్కూలు ఫీజు 5,000, వ్యాన్ 1,500, అద్దెలో పాప వంతు 3,000, ట్యూషన్ 1,000, బట్టలు, మందులు 1,000, తిండి 2,500. మొత్తం 14,000. తండ్రి చేతికి 60,000, తల్లికి 30,000 వస్తే సంపాదన దామాషాలో తండ్రి వంతు మూడింట రెండు, సుమారు 9,330. పాప పది రోజులు లేకపోతే తల్లికి మిగిలేది తిండిలో 830. అది తీసేస్తే 8,500. 6,000 ఎక్కడ్నుంచి వచ్చింది?

ఏడురోడ్ల కూడలి, కడప:
వ్యాన్ కూడా తగ్గాల కదా అక్కా? శుక్రవారం సాయంత్రం తండ్రే స్కూలు నుంచి తీసుకుపోతాడు.

బురుజు కర్నూలు:
వ్యాన్‌కు నెలకింతని కడతారు. ఒక పూట ఎక్కలేదని ఎవరూ తగ్గించరు.

పెన్నా ఒడ్డు:
వ్యాన్ సంగతి వదిలేయండి. తండ్రి అదనపు గదికి అద్దె కడతాడు, మంచం, పుస్తకాలు, బట్టలు రెండో జత కొంటాడు. కర్నూలు దాకా సుమారు 150 కిలోమీటర్లు, పోను రాను ఛార్జీలు. ఇవేవీ లెక్కకు రావా?

బురుజు కర్నూలు:
వస్తాయి. కోర్టుకు ఇచ్చే ఆస్తులు, అప్పుల అఫిడవిట్‌లో రసీదులతో చూపించాలి. ప్రయాణం బరువనిపిస్తే గుత్తిలో పాపను అప్పగించుకునేటట్టు ఆర్డర్‌లో రాయించుకోవచ్చు. పాప ఫీజులోంచి మాత్రం కోసుకోకూడదు.

పెన్నా ఒడ్డు:
మీరెప్పుడూ తల్లుల పక్షమే! ఆ 9,000 పాపకే పోతోందని ఎవరు చూసినారు? ఫీజు నేరుగా స్కూలుకే కడతాననొచ్చు కదా.

బురుజు కర్నూలు:
ఈ మాట మొదటే అనుంటే ఇంత రాసే పనిలేదు. ఫీజు నేరుగా కడతానని అడగొచ్చు, న్యాయమైన కోరికే. రజ్నేష్–నేహా తీర్పు (2020)లో సుప్రీంకోర్టు చదువు ఖర్చు మామూలుగా తండ్రిదేనని, తల్లి కూడా తగినంత సంపాదిస్తుంటే దామాషాలో పంచవచ్చని చెప్పింది. కానీ పాలకు, జ్వరం మందుకు రసీదులడిగితే నేనొప్పుకోను. నెలకు ఇరవై రోజులు ఆమె చేసే చాకిరీకి ఎవరూ వెల కట్టడం లేదు.

పెన్నా ఒడ్డు:
మిగిలిన పది రోజులూ ఆయన చేసేది చాకిరీ కాదా? డబ్బు పంపడానికి తండ్రి కావాలి, పాప ఏ స్కూల్లో చదవాలో చెప్పడానికి వద్దు. ఆయన బాధ అది.

గడియారస్తంభం:
ఇద్దరూ ఆగండప్పా. ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు. రాజీ కుదిరింది కదా అని సొంతంగా 6,000 పంపితే నెలకు 3,000 బకాయి పేరుకుంటుంది. ఏడాది లోపల ఆమె దరఖాస్తు వేస్తే బకాయి వసూలుకు వారెంటు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు. కాబట్టి ఇప్పటికి 9,000 పూర్తిగా కడుతూ, పరిస్థితి మారిందని బీఎన్‌ఎస్‌ఎస్ 146 (పాత 127) కింద అదే కోర్టులో పిటిషన్ వేయాలి. అప్పగింతల తేదీలు తెలిపే వాట్సాప్ మెసేజ్‌లు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేయాలి. నగదు ఇవ్వొద్దు, ఖాతాకే పంపాలి. రాజీకాగితం ఇంట్లో పెట్టుకుంటే భరణం ఆర్డర్ మారదు.

పెన్నా ఒడ్డు:
పిటిషన్ వేయమని చెప్తా. భరణం ఎంతనే సంగతి తర్వాత, ముందు ఫీజు నేరుగా కట్టే అంశం పెట్టమంటా.

బురుజు కర్నూలు:
పెట్టమనండి. స్కూలు మార్చాలంటే ఇద్దరి ఒప్పుదల ఉండాలనీ, ఫీజు పెరిగితే ఎవరెంత భరించాలనీ అందులోనే రాయించండి. జూన్‌లో గొడవ వచ్చేది ఆ రెండింటి దగ్గరే.