ఇంట్లో చేత్తో స్నూకర్ క్యూ: మొదటిసారే ముడి చెక్క నుంచి మొదలుపెట్టొచ్చా?

కొత్తచేయి
అందరికీ నమస్కారం. వడ్రంగం నాకు కొత్త కాదు. స్టూళ్లు, చిన్న అలమరాలు చేశాను. స్నూకరూ కొత్త కాదు, వారానికి రెండు మూడు రోజులు ఆడతాను. క్యూ, అంటే బంతిని కొట్టే కర్ర, చేయడం మాత్రం ఇదే మొదలు. బాగా ఆరిన యాష్ (క్యూలకు వాడే గట్టి చెక్క) ముక్క ఒకటి దొరికింది. అయిదడుగుల పొడవు, 35 మి.మీ. చదరం, చారలు చాలావరకు నిటారుగానే ఉన్నాయి. లేత్ లేదు. చిత్రిక, ఉలి, రంపం, రెండు క్లాంపులు ఉన్నాయి. 58 అంగుళాల క్యూ, కొన 9.5 మి.మీ., పిడి చివర 29 మి.మీ. అనుకుంటున్నాను.

మొత్తం చేత్తోనే చేయనా? లేక నున్నగా చేసి అమ్మే షాఫ్ట్ (పిడి ముందుండే పొడవాటి కర్ర) కొనుక్కుని పిడి ఒక్కటీ నేను చేసుకోనా?

చిత్రిక_పట్టు
మొత్తం చేత్తోనే చేయండి, సందేహమే వద్దు. లేత్ లేదని దిగులు పడకండి. పొడవుగా, సన్నగా ఉన్న కర్రను లేత్ మీద పెడితే మధ్యలో ఊగుతుంది. కొత్తవాళ్లకు చిత్రికే నయం.

ముందు చదరంగా ఉండగానే వాలు తీయాలి. పిడి వైపు 30, కొన వైపు 11 ఉండేలా, నాలుగు ముఖాల నుంచీ సమానంగా తీయండి. ఒక ముఖం నుంచే తీసేస్తే మధ్యగీత పక్కకు జరుగుతుంది, తర్వాత ఏం చేసినా తిరిగి రాదు. ఆ తర్వాత ఎనిమిది పలకలు. చదరం ముఖాన్ని 7, 10, 7 పాళ్లుగా గీసి మూలలు తీసేస్తే సరి. అంటే 30 మి.మీ. చదరానికి అంచు నుంచి దాదాపు 8.8 దగ్గర గీత. పొడవునా వాలు ఉంది కాబట్టి గీత కూడా సన్నబడుతూ పోవాలి. దానికి ఒక చెక్కముక్కకు అటూ ఇటూ రెండు మేకులు, మధ్యలో రెండు పెన్సిల్ ములుకులు అదే పాళ్లలో బిగించి, మేకులు రెండూ అంచులకు తగిలేలా కాస్త ఏటవాలుగా పట్టి లాగితే గీత దానంతటదే సర్దుకుంటుంది. పడవల తెరచాప కొయ్యలు చేసేవాళ్ల పాత ఉపాయం ఇది. ఎనిమిది పలకల నుంచి పదహారు, అక్కడి నుంచి గుండ్రం. చివర్లో సాండ్ పేపర్.

పొడవాటి పలకకు వి ఆకారంలో గాడి తీసుకుని కర్రను అందులో పడుకోబెట్టండి. క్లాంపులతో బిగించి చిత్రిక పడితే కర్ర వంగిన స్థితిలోనే నున్నబడుతుంది, విప్పగానే విల్లులా లేస్తుంది.

ముక్కుసూటి
పైన చెప్పిందంతా విధానం. విధానం కన్నా ముందు చెక్క ఉంటుంది. "చాలావరకు నిటారుగా" అన్నారు చూడండి, ఆ "చాలావరకు" దగ్గరే నేను మూడు ముక్కలు పోగొట్టుకున్నాను. చార పొడవునా సాగకుండా పక్కకు దిగిపోతే, 9.5 మి.మీ. దగ్గరికొచ్చేసరికి ఆ కొనలో బలం ఉండదు. మొదటి ముక్క పదహారు పలకల దగ్గర చీలింది. రెండోది నున్నగా వచ్చింది, నెల తిరిగేసరికి వంగింది. మూడోది తర్వాత చెబుతాను.

షాఫ్ట్ కొనండి. పిడి చేయండి. అందులోనే కావలసినంత పని ఉంది. నిజంగా చెక్క నుంచే చేయాలనుకుంటే ఒక్కో కోతకూ మధ్య కనీసం నెల ఆగాలి. ఆగగలరా?

నల్లబంతి
టేకుతో చేయొచ్చా?

ముక్కుసూటి
వద్దు. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. యాష్ గానీ మేపుల్ గానీ తీసుకోండి. యాష్‌లో బాణం ములుకుల్లాంటి చారలు స్పష్టంగా కనిపిస్తాయి, గురి పట్టేటప్పుడు క్యూ రోజూ ఒకేలా పట్టుకున్నామో లేదో తెలుస్తుంది. మేపుల్ నున్నగా ఉంటుంది, చార పెద్దగా కనిపించదు.

చిత్రిక_పట్టు
నెలా? చెక్క బాగా ఆరిందని ఆయనే రాశారు. ఆరిన చెక్క, ఇంట్లోనే ఉంచిన చెక్క అయితే కోతకూ కోతకూ మధ్య వారం చాలు. చిత్రిక పట్టినప్పుడు రెండు జరుగుతాయి. లోపల బిగుసుకున్న ఒత్తిడి వదులవుతుంది, అది రెండు మూడు రోజుల్లోనే బయటపడుతుంది. కొత్తగా బయటికొచ్చిన పొర గదిలోని తేమకు సర్దుకుంటుంది, ఇంత సన్నని కర్రకు దానికీ వారం పడుతుందేమో. నెలనెలా ఆగుతూ పోతే మొదటి క్యూ అయ్యేసరికి ఆయనకు ఆట మీదే విసుగు పుడుతుంది.

ముక్కుసూటి
మీ ఇంట్లో వారం చాలేమో. నా రెండో ముక్క వారం వారం ఆగే చేశాను. వంగింది. ఇంక దీని మీద వాదన ఏముంది?

చిత్రిక_పట్టు
ఒక్క ముక్క వంగిందని సూత్రం రాసేస్తారా? మీరు దాన్ని గోడకు ఆనించి ఏటవాలుగా పెట్టారా, నిలువుగా వేలాడదీశారా? ఏటవాలుగా ఆనిస్తే నెల కాదు, ఏడాది ఆగినా వంగుతుంది.

తొమ్మిదిన్నర
కొన 9.5 కన్నా తక్కువకు మాత్రం పోనివ్వకండి. నా పాత క్యూ ఒక దుకాణంలో టిప్ (కొనకు అతికించే తోలు బిళ్ల) మార్చడానికి ఇస్తే "కొంచెం నున్న చేశాం సార్" అని నవ్వుతూ తిరిగిచ్చారు. కొలిస్తే 9.1. ఫెర్రూల్ (కొనకు తొడిగే ఇత్తడి గొట్టం) దగ్గర ఇత్తడి అంచు చెక్క కన్నా పైకి లేచి గోరుకు తగులుతోంది. ఇప్పటికీ స్క్రూ షాట్ (తెల్లబంతి తగిలి వెనక్కి వచ్చేలా కొట్టే దెబ్బ) కొట్టాలంటే చెయ్యి రాదు. పోయిన చెక్క తిరిగి రాదండీ.

బల్ల_కింద_సుద్ద
బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. లెక్క చూడండి. 147 సెం.మీ. పొడవు, 9.5 నుంచి 29 మి.మీ. వరకు సమానంగా లావయ్యే కర్ర అంటే దాదాపు 465 ఘన సెంటీమీటర్లు. యాష్ ఘన సెంటీమీటరుకు 0.68 గ్రాములు వేసుకుంటే 316 గ్రాములు. ఎక్కువమంది ఆడే క్యూలు 480 నుంచి 540 గ్రాముల మధ్య ఉంటాయి. పిడికి నాలుగు వైపులా ఎబొనీ (బరువైన నల్ల చెక్క) పలకలు అతికించినా ఓ 50 గ్రాములు కలుస్తాయేమో. మిగతాదంతా సీసమే. 12 మి.మీ. రంధ్రం 15 సెం.మీ. లోతు తీసి సీసం కడ్డీ దించితే, పోయిన చెక్క పోగా 180 గ్రాములకు పైనే కలుస్తుంది. రంధ్రం పిడి చదరంగా ఉండగానే తీయాలి, గుండ్రం చేశాక తీస్తే డ్రిల్ పక్కకు పోయినా తెలియదు. సీసాన్ని ఇంట్లో కరిగించడం, అరగదీయడం వద్దు. ఎబొనీ అరగదీసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ పొడి గొంతులో మంట పెడుతుంది.

కొత్తచేయి
లెక్కకు చాలా థ్యాంక్స్ అండీ, నేను అసలు ఆలోచించనే లేదు. ఎబొనీ అతుకు మొదటిసారే కుదురుతుందా?

చిత్రిక_పట్టు
కుదురుతుంది, కాకపోతే మీ తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. పిడి వైపు కర్రను నాలుగు ముఖాల్లో వాలుగా, సన్నని చీలలా చెక్కాలి. ఎదురెదురు ముఖాలకు రెండు పలకలు అతికించి, జిగురు ఆరాక పక్కల మిగిలింది చదును చేసి, మిగిలిన రెండు ముఖాలకు ఇంకో రెండు. అంతా గుండ్రం చేసినప్పుడు నల్లని మొనలు నాలుగు పైకి లేస్తాయి. చదరం మధ్యగీత మీద ఉంటే నాలుగూ ఒకే ఎత్తులో ఆగుతాయి. నా మొదటి క్యూలో ఒక మొన మిగతావాటి కన్నా రెండు వేళ్లు కిందే ఆగిపోయింది. ఇప్పటికీ అలాగే ఉంది. చూసినప్పుడల్లా ఏ ముఖం మీద చెయ్యి బరువుగా పడిందో గుర్తొస్తుంది.

ముక్కుసూటి
అదిగో, ఒప్పుకున్నారు. మొదటి క్యూ మధ్యగీత తప్పింది. మరి అది నిటారుగా ఉందా? బల్ల మీద దొర్లించి వీడియో పెట్టండి చూద్దాం.

చిత్రిక_పట్టు
దొర్లిస్తే ఏం తెలుస్తుందండీ? చేత్తో చేసిన కర్ర లేత్ మీద చేసినంత గుండ్రంగా ఉండదు. నిటారుగా ఉన్నా దొర్లించినప్పుడు గంతులేస్తుంది. పిడి చివర కన్ను పెట్టి, మెల్లగా తిప్పుతూ, పొడవునా చూడాలి. ఈ మాత్రం తెలియకుండానే మూడు ముక్కలు పోగొట్టారా?

ముక్కుసూటి
దొర్లించి చూపించలేనివాడు నిటారు గురించి మాట్లాడకూడదు. వీడియో పెట్టు.

చిత్రిక_పట్టు
ఏకవచనం దేనికి? పెట్టను.

ముక్కుసూటి
పెట్టవు, నాకు తెలుసు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. వారం చాలంటావు, దొర్లించక్కర్లేదంటావు, మొన కిందే ఆగినా అందమే అంటావు.

నల్లబంతి
ఇంకొంచెం సేపైతే ఇద్దరూ క్యూలతోనే కొట్టుకునేలా ఉన్నారు. రూల్ ప్రకారం మూడడుగుల కన్నా పొట్టిది కుదరదని గుర్తు పెట్టుకోండి.

చిత్రిక_పట్టు
సరే, ఒక్కటే అడుగుతాను. మూడో ముక్క సంగతి తర్వాత చెబుతానన్నారు. చెప్పండి. అసలు కోపం అక్కడే ఉన్నట్టుంది.

ముక్కుసూటి
చెబుతాను. మూడోది పూర్తయింది. బాగానే వచ్చింది. ఎబొనీ పిడి, నాలుగు మొనలూ సమానం, ఇత్తడి ఫెర్రూల్, టిప్ నేనే అతికించి గుండ్రంగా తీర్చాను. క్లబ్బులో అందరికీ చూపించాను. ఏడాదిన్నర దాంతోనే ఆడాను. ఎడమవైపు జేబుల్లో బంతి వేయబోతే తప్పుతూ ఉండేది. గురి చూస్తే సరిగ్గానే ఉంటుంది, బంతి మాత్రం జేబు అంచుకు తగిలి బయటికొస్తుంది. నిలబడే తీరు మార్చాను. గడ్డం ఆనించే చోటు మార్చాను. కోచ్ దగ్గరికి వెళ్లాను. నా చేయి తప్పనుకున్నాను. ఎవరైనా క్యూ సంగతి ఎత్తితే "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది" అని నేనే జోకు వేసేవాణ్ణి.

ఓ రోజు ఒక కుర్రాడు నా క్యూ తీసుకుని కన్ను పెట్టి చూసి, "అంకుల్, ఇది కొన దగ్గర ఒక పక్కకు వాలింది" అన్నాడు. పావు అంగుళం కూడా లేదు. అయినా ఏడాదిన్నరగా నా చేయి ఆ వంకరకు అలవాటు పడిపోయింది. మంచి క్యూ కొన్నాక తప్పులు ఎడమ నుంచి కుడికి మారాయి. పాత స్థితికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మద్దెల నిజంగానే ఓడు బాబూ. నేను చేసిన మద్దెల కాబట్టి ఒప్పుకోలేకపోయాను.

నెలా వారమా అని ఇంతసేపు కొట్టుకున్నాం. నాకు దాంతో పట్టింపు లేదు. ఆయన దాంతో ఆడతారనే నా భయం.

చిత్రిక_పట్టు
ఇది ముందే చెప్పి ఉండాల్సింది అన్నా.

మొదటి క్యూతో ఆడమని నేనెక్కడా అనలేదు. నాది గోడకే ఉంది. ఆడేది కొన్న క్యూతోనే. చేసేది చేతులకు చెక్క తెలియడం కోసం. ఆ మాట చెప్పనక్కర్లేదనుకున్నాను, తప్పు నాదే.

తొమ్మిదిన్నర
అందుకే క్యూ మార్చకూడదు అంటాను. స్నూకర్ ఛాంపియన్ స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లూ గెలిచింది ఒకే క్యూతో. 2003లో అది విమాన ప్రయాణంలో విరిగింది. ఆ తర్వాత మళ్లీ ప్రపంచ టైటిల్ రాలేదు.

బల్ల_కింద_సుద్ద
ఏడోది 1999లోనే వచ్చింది కదండీ. మధ్యలో నాలుగేళ్లు క్యూ బాగానే ఉంది, టైటిల్ రాలేదు. ఆ పాపమంతా విమానం మీద వేయకండి.

కొత్తచేయి
నేను ఆడడానికే చేసుకుంటున్నానండీ! మొదటి పోస్టులోనే రాయాల్సింది. గోడకు తగిలించుకోవడానికి అయితే నాకెందుకు, అలమరా చేసుకుంటాను. నేను చేసిన క్యూతో ఒక్క ఫ్రేమైనా గెలవాలి, అదే కోరిక. ముక్కుసూటి గారి మాట విన్నాక టెన్షన్ వచ్చింది, నిజమే.

ముక్కుసూటి
అయితే ఇలా చేయండి. చేసుకోండి. పూర్తయ్యాక ఆరు నెలలు నిలువుగా వేలాడదీసి, అప్పుడు ఆటకు తీయండి. ప్రతి నెలా ఇంకొకరికిచ్చి చూపించండి. మీరు చూడొద్దు. మీకు వంకర కనబడదు.

చిత్రిక_పట్టు
దీనికి నేనూ ఒప్పుకుంటాను. ఆరు నెలలన్నది మాత్రం ఎక్కువే.

ముక్కుసూటి
మళ్లీ మొదలు.

బల్ల_కింద_సుద్ద
మధ్యలో ఒక మాట. చివర్లో లిన్సీడ్ నూనె పట్టిస్తారు కదా, ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకుంటాయి. బయట విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

కొత్తచేయి
అప్‌డేట్. నిన్న మాటలతో పని లేదని రెండు ముఖాలు చిత్రిక పట్టి, కర్ర చివర చిన్న రంధ్రం చేసి తాడుతో వేలాడదీశాను. ఇవాళ పొద్దున్న దారం కొసాకొసా లాగి పట్టి చూస్తే మధ్యలో దాదాపు రెండు మి.మీ. సందు ఉంది. చిత్రిక పట్టిన వైపే లోపలికి వంగింది. ఇప్పుడు మందం 33. ఇప్పుడే సరిచేయనా, ఆగనా?

చిత్రిక_పట్టు
ముట్టుకోకండి. వారం.

ముక్కుసూటి
నెల.

తొమ్మిదిన్నర
కొన దగ్గర ఇప్పుడు ఎంత ఉంది?