మంగ, గుర, శుక: క్యాలెండర్ విడ్జెట్‌లో వారాల పేర్లు ఎందుకిలా తెగుతున్నాయి?

ప్రశ్న:
డెస్క్‌టాప్ క్యాలెండర్ విడ్జెట్ భాషను తెలుగుకు మారిస్తే పై వరుస ఇలా వస్తోంది: ఆది, సోమ, మంగ, బుధ, గుర, శుక, శని. ఇంగ్లీషులో ఏ తేడా లేదు. నాలుగు బాగుండి మూడే చెడటం ఏమిటండీ? ఫాంటు మార్చాలా?

జవాబు 1:
ఫాంటు జోలికి పోకండి. విడ్జెట్ పూర్తి పేరు తీసుకుని మొదటి మూడు కోడ్లు (కంప్యూటర్ ఒక్కో గుర్తుకు వాడే సంఖ్యలు) ఉంచి మిగతాది కోసేస్తోంది. తెలుగులో కొమ్ముకు, గుడికి, సున్నకు, పొల్లుకు దేని కోడ్ దానికి ఉంటుంది. శుక్రవారంలో వరుస ఇది: శ, కొమ్ము, క, పొల్లు, ర. మూడో దాని దగ్గర కోస్తే శుక. గురువారంలో రెండో కొమ్ము అవతల పడింది. మంగళలో సున్న ఒక చోటు తినేసింది. ఆది, సోమ, బుధ, శని సరిగ్గా మూడేసి కోడ్లు కాబట్టి బతికిపోయాయి. నెలలు కూడా చూడండి, ఫిబ, సెప, డిస, ఏప్ అని ఉంటాయి.

మూడును నాలుగు చేస్తే గురు, మంగళ బాగుపడి ఆదివ, సోమవ, బుధవ, శనివ తయారవుతాయి. శుక్రవారం అప్పటికీ ‘శుక్’ దగ్గరే ఆగుతుంది.

ప్రశ్న:
కోడ్లు కాకుండా అక్షరాలు లెక్కపెట్టి రెండు ఉంచితే?

జవాబు 2:
చాలావరకు కుదురుతుంది, కానీ మంగళ మళ్లీ ‘మంగ’ అవుతుంది. పైగా పాత సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు ‘క్ర’ను క్, ర అని రెండుగా విడదీస్తాయి. క్రారవడితో కలిపి ఒకే అక్షరంగా చూడటం 2023లో వచ్చిన యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కోడ్లిచ్చే ప్రమాణం) 15.1 నియమం. అసలు కోయడమే తప్పు దారి. సీఎల్‌డీఆర్ (భాషలవారీగా తేదీలు, పేర్ల వంటివి ఉంచే యూనికోడ్ వారి భండారం) సమాచారంలో తెలుగు పొట్టి పేర్లు సిద్ధంగా ఉన్నాయి: ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. తేదీ నమూనాలో వారానికి వాడే ఇంగ్లీషు ‘E’ అక్షరం మూడుసార్లు రాస్తే ఇవి, నాలుగుసార్లు రాస్తే పూర్తి పేర్లు, ఐదుసార్లు రాస్తే ఏకాక్షరాలు వస్తాయి. జావాస్క్రిప్ట్ అయితే తేదీ రాసేచోట వీక్‌డే (weekday) అనే ఎంపికకు ‘షార్ట్’ (short) ఇచ్చి, కోసే లైను తీసేయండి.

గడి వెడల్పు మాత్రం ‘మంగళ’ను బట్టి పెట్టాలి, ‘శని’ని బట్టి కాదు.

జవాబు 3:
ఏకాక్షరాల సంగతి. సీఎల్‌డీఆర్‌లో ఆ, సో, మ, బు, గు, శు, శ. గుణింతం ఉంచారు కాబట్టి శుక్రుడూ శనీ కలిసిపోలేదు. ‘మ’ మాత్రం నాకు రుచించదు, సున్నతో కలిపి ‘మం’ అంటేనే అక్షరం పూర్తవుతుంది. సంకల్పంలోని భాను, ఇందు, భౌమ పేర్లు పెడితే ముచ్చటగా ఉంటుందనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులో ‘సౌమ్య’ బుధవారం. సోమవారమనుకుని పొరబడటం ఖాయం.

జవాబు 4:
తెర మీద కనిపించేదాన్ని బట్టే జబ్బు పోల్చుకోవచ్చు. శుక్ర, శని రెండూ వట్టి ‘శ’గా వస్తే కోత బైట్లలో పడిందన్నమాట. యూటీఎఫ్-8లో (కోడ్లను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు. నాలుగైదు బైట్ల దగ్గర కోస్తే చివర ప్రశ్నార్థకం ఉన్న వజ్రం గుర్తు కూడా తేలుతుంది. ‘శుక్‌ర’ అని పొల్లు విడిగా కనిపిస్తే అక్షరాలను కలిపే పొర లేదు. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌టీతో (అక్షరాలను గీసే లైబ్రరీ) నేరుగా గీసే విడ్జెట్ల తీరు ఇదే, పాంగో (అక్షరాలను కలిపి అమర్చే లైబ్రరీ) ద్వారా గీసేవాటిలో ఈ బాధ ఉండదు. వట్టి డబ్బాలు వస్తేనే ఫాంటు లోపం. ఒత్తుల అడుగు తెగితే లైను ఎత్తు చాలలేదు. అది ఫాంటు సైజుకు సమానంగా ఉంటే 1.5 రెట్లు చేసి చూడండి.

జవాబు 5:
ఇంకొకటి. నెల పేరుకు ‘లో’ అతికించే విడ్జెట్లలో నవంబర్ కాస్తా ‘నవంబర్లో’ అయి, ర కింద ల ఒత్తు పడుతుంది. జూన్‌కూ అంతే. జనవరి, మే లాంటి అచ్చుతో ముగిసేవాటికి ఏమీ కాదు కాబట్టి పరీక్షించేవాళ్ల కంట పడదు. పొల్లుతో ముగిసే పేరు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (కంటికి కనిపించకుండా అక్షరాలను కలవనివ్వని గుర్తు) పెడితే ‘నవంబర్‌లో’ అని విడిగా నిలుస్తుంది. నెల పేరులోనే దాన్ని ఇరికించకండి, వెతుకులాటలో పేరు దొరకదు. అతికించే చోట చేర్చండి.