లెన్స్ డిజైన్ నేర్చుకోవడానికి ఏ పుస్తకం? అసలు ముందు పుస్తకమా, సాఫ్ట్‌వేరా?

కొత్తచేయి:
నేను ఎలక్ట్రానిక్స్ మనిషిని, పని కెమెరా సెన్సర్లతో. సెన్సర్ ముందు కూర్చునే లెన్సు గురించి మాత్రం ఎవరో ఇచ్చిన డ్రాయింగ్ చూసి తలూపడం తప్ప నాకేమీ తెలియదు. ఇక నేర్చుకోవాలని కూర్చున్నాను. హెక్ట్ రాసిన ఆప్టిక్స్ పుస్తకంలో రే డయాగ్రమ్‌లు, పలచని లెన్సుల సూత్రాల దాకా చదివాను, అర్థమైంది. ఆ తర్వాత ఏం చదవాలని ఇద్దరు సీనియర్లను అడిగాను. ఒకరు "కింగ్స్‌లేక్ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చేత్తో లెక్కలు చెయ్యి, అది అయ్యేదాకా సాఫ్ట్‌వేర్ ముట్టుకోకు" అన్నారు. ఇంకొకరు "అవన్నీ మ్యూజియంలో పెట్టాల్సిన పుస్తకాలు, ఇవాళే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చెయ్యి" అన్నారు. ఇద్దరూ పనిలో దిట్టలే. ఎవరి మాట వినాలి? రోజుకో గంట పెట్టగలను. రెండు పుస్తకాలకు మించి కొనే ఉద్దేశం లేదు.

పాతకిరణం:
మొదటివారి మాటే వినండి. రుడాల్ఫ్ కింగ్స్‌లేక్ రాసిన 'లెన్స్ డిజైన్ ఫండమెంటల్స్' 1978లో వచ్చింది. 2010లో బ్యారీ జాన్సన్ దాన్ని సవరించి, పెంచి రెండో ఎడిషన్ తెచ్చారు. కొంటే ఆ రెండోదే కొనండి. కింగ్స్‌లేక్ కొడాక్‌లో లెన్సులు డిజైన్ చేసిన మనిషి, రోచెస్టర్‌లో పాఠం చెప్పిన మనిషి. ఆ పుస్తకంలో ఒక్కో అబెరేషన్‌ని, అంటే బొమ్మని పాడుచేసే ఒక్కో లోపాన్ని, విడిగా పట్టుకుంటారు. రంగుల తేడా ఎలా సరిచేస్తారు, స్ఫెరికల్ (అంచు కిరణాలూ మధ్య కిరణాలూ వేర్వేరు చోట్ల కలవడం) ఎలా తగ్గిస్తారు, కోమా (పక్కనున్న చుక్క తోకలా సాగడం) సంగతేమిటి, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి. దేన్ని కదిపితే ఏది కదులుతుందో చేతికి తెలిసిపోతుంది.

ఉదాహరణకి ఒకవైపు సమతలంగా, ఇంకోవైపు ఉబ్బెత్తుగా ఉన్న లెన్సు తీసుకోండి. వస్తువు బాగా దూరంలో ఉంది, గ్లాసు వక్రీభవన గుణకం 1.5. ఉబ్బెత్తు వైపు వస్తువుకేసి పెడితే కిరణాన్ని వంచే పనిని రెండు ఉపరితలాలూ పంచుకుంటాయి. తిప్పి పెట్టారనుకోండి, సమతలం దగ్గర కిరణం అసలు వంగదు, పనంతా వెనక ఉపరితలం మీద పడుతుంది. అదే లెన్సు, అదే ఫోకల్ లెంగ్త్, స్ఫెరికల్ అబెరేషన్ మాత్రం దాదాపు నాలుగు రెట్లవుతుంది. చేత్తో ఈ రెండు కిరణాలూ ట్రేస్ చేసినవాడు జన్మలో లెన్సు తిప్పి పెట్టడు.

మెరిట్‌ఫంక్షన్:
గౌరవంతోనే అంటున్నాను పాతకిరణం గారూ, ఆ పాఠం నేర్చుకోవడానికి చేతి లెక్క ఎందుకండీ? సాఫ్ట్‌వేర్‌లో లెన్సుని రివర్స్ చేసే కమాండ్ ఉంటుంది. ఒక క్లిక్, స్పాట్ (ఒక చుక్క నుంచి వచ్చిన కిరణాలు ఫోకస్ దగ్గర చేసే మచ్చ) ఎంత ఉబ్బిందో కళ్లముందే కనిపిస్తుంది. మీరు ఒక సాయంత్రమంతా సైన్లు కట్టి తెలుసుకున్నది కొత్తవాళ్లు అర నిమిషంలో చూస్తారు. మిగిలిన సమయంలో ఇంకో యాభై ప్రయోగాలు చేసుకుంటారు.

ఇంకో సంగతి. చేత్తో లెక్క కట్టడం ఏదో పవిత్రమైన ఆచారంలా చెబుతారు కానీ, గణిత శాస్త్రజ్ఞుడు పెట్జ్వాల్ అంతటివాడే 1840లో తన పోర్ట్రెయిట్ లెన్సు కోసం లెక్కలు కట్టించుకోవడానికి ఆస్ట్రియా ఫిరంగి దళం మనుషుల్ని పెట్టుకున్నాడు. అవకాశం ఉన్నవాడెవడూ మొత్తం తనే కట్టుకోలేదు.

కొత్తచేయి గారూ, జోసెఫ్ గియరీ రాసిన 'ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్' చూడండి. 2002 నాటిది. అందులో వాడిన జీమాక్స్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్లు ఇప్పుడు మారిపోయాయి గానీ, సింగిలెట్ (ఒంటి లెన్సు) నుంచి మెల్లగా చేయి పట్టుకుని తీసుకెళ్లే పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ లేకపోతే ఆస్లో అనే ప్రోగ్రామ్ విద్యార్థి వెర్షన్ ఉచితం. పది ఉపరితలాలకు మించి ఒప్పుకోదు, అయినా డబ్లెట్‌కీ (రెండు లెన్సుల జోడీ), ట్రిప్లెట్‌కీ (మూడు లెన్సులు) అది చాలు.

అర్ధచంద్రం:
ఈ గొడవ ప్రతి ఏడాదీ ఒకసారి వస్తుంది, ప్రతిసారీ ఇద్దరూ సగమే చెబుతారు. పాప్‌కార్న్ తెచ్చుకున్నాను, కానివ్వండి.

నాలుగో_ఉపరితలం:
ప్రశ్న కాస్త తప్పుగా పడిందని నా ఉద్దేశం. చేతి లెక్కలన్నీ ఒకటి కావు. కిరణాన్ని ఆరు దశాంశాల దాకా ట్రేస్ చేయడం యంత్రం పని, దాన్ని యంత్రానికే వదిలేయండి. పలచని లెన్సుల లెక్క మాత్రం మనిషి పని. ఎందుకంటే డిజైన్‌కి ఒక రూపం వచ్చేది అక్కడే.

రంగులు సరిచేసిన డబ్లెట్ కావాలి, ఫోకల్ లెంగ్త్ 100 మి.మీ. అనుకుందాం. బీకే7 గ్లాసు అబ్బే సంఖ్య (రంగుల్ని ఎంత తక్కువగా విడదీస్తే అంత పెద్దదిగా ఉండే అంకె) సుమారు 64. జోడీగా ఎస్ఎఫ్5 తీసుకుంటే దానిది సుమారు 32. మొదటి లెన్సు పవర్ (ఒకటి బై ఫోకల్ లెంగ్త్) మొత్తం పవర్‌కి 64 బై (64 − 32) రెట్లు, అంటే రెండు రెట్లు. రెండోది మైనస్ ఒక రెట్టు. కాబట్టి మొదటిది 50 మి.మీ., రెండోది మైనస్ 100 మి.మీ. కాయితం కూడా అక్కర్లేదు. ఇప్పుడు ఎస్ఎఫ్5 బదులు ఎఫ్2 పెట్టండి, అబ్బే సంఖ్య 36 చిల్లర. మొదటిది దాదాపు 43 మి.మీ. దాకా బిగుసుకుపోతుంది, రెండోది మైనస్ 76. వంపులు పెరుగుతాయి, వాటితో పాటే మిగిలిన అబెరేషన్లూ పెరుగుతాయి. గ్లాసు జోడీ ఎందుకు దూరం దూరంగా ఎంచుకుంటారో ఈ రెండు లైన్లలో తేలిపోయింది. ఆప్టిమైజర్ (అంకెలు మార్చుకుంటూ డిజైన్‌ని మెరుగుపరిచే సాఫ్ట్‌వేర్ భాగం) ఎఫ్2తో కూడా ఏదో ఒక జవాబు ఇస్తుంది, 'ఈ గ్లాసు వద్దు' అని మాత్రం దానంతట అది చెప్పదు.

ఈ రకం ఆలోచన నేర్పే పుస్తకం వారెన్ స్మిత్ 'మోడర్న్ ఆప్టికల్ ఇంజనీరింగ్'. మొదట 1966లో వచ్చింది, నాలుగో ఎడిషన్ దాకా నడిచింది. అందులో లెన్స్ డిజైన్ ఒక్కటే కాదు, టెలిస్కోపులు, ప్రిజములు, కాంతి కొలతలు అన్నీ ఉంటాయి. మొదటి చదువులో మీకు అక్కర్లేని అధ్యాయాలు నిర్మొహమాటంగా వదిలేయండి. పుస్తకం ఒక్కటే కొనమంటే నేను దీన్నే కొంటాను.

మెరిట్‌ఫంక్షన్:
గ్లాసు వద్దని చెప్పదన్న మాట పాతబడింది. గ్లాసుని కూడా వేరియబుల్‌గా, అంటే ప్రోగ్రామ్ మార్చుకోగలిగేదిగా, వదిలే సౌకర్యం ఎప్పటి నుంచో ఉంది. డొనాల్డ్ డిల్‌వర్త్ 2018లో రాసిన లెన్స్ డిజైన్ పుస్తకం చదవండి. మొదలుపెట్టే డిజైన్ని కూడా ప్రోగ్రామే వెతికి పెట్టగలదు అన్నదే ఆ పుస్తకం వాదన. ఒక లోయలో, అంటే దగ్గర్లో దొరికిన ఓ మోస్తరు జవాబులో, ఇరుక్కున్న ఆప్టిమైజర్‌ని పక్క లోయలోకి దాటించే పద్ధతులు ఇన్ని వచ్చాక కూడా 'ముందు కాయితం మీద' అంటే ఎలా?

పాతకిరణం:
వెతికి పెడుతుంది, నిజమే. ఇరవై డిజైన్లు తెచ్చి వరుసగా ముందు పెడుతుంది. వాటిలో ఏది తీసుకోవాలో ఎవరు చెబుతారు?

కుక్ ట్రిప్లెట్ సంగతే చూడండి. డెన్నిస్ టేలర్ 1893లో పేటెంట్ తీసుకున్నది. మూడు లెన్సులు, అంటే ఆరు వంపులు, రెండు గాలి ఖాళీలు. మొత్తం ఎనిమిది వేరియబుల్స్. సరిచేయాల్సినవి సైడెల్ లెక్కలోని ఐదు అబెరేషన్లు, రంగులవి రెండు, పైన ఫోకల్ లెంగ్త్. అవీ ఎనిమిదే. పొదుపంటే అదీ. మధ్యలో నెగటివ్ లెన్సు ఎందుకు పెట్టారో ఆలోచించారా? ఒక లెన్సు మొత్తం పవర్‌కి ఎంత కలుపుతుందన్నది కిరణం దాని మీద ఎంత ఎత్తున పడుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెట్జ్వాల్ మొత్తానికి (ఇమేజ్ ఎంత వంపు తిరుగుతుందో చెప్పే మొత్తం) ఎంత కలుపుతుందన్నదానికి ఆ ఎత్తుతో పనే లేదు, పవర్‌ని వక్రీభవన గుణకంతో భాగిస్తే వచ్చేదే లెక్క. మొదటి లెన్సు దాటేసరికి కిరణం కిందికి దిగింది కాబట్టి, మధ్యలో పెట్టిన నెగటివ్ లెన్సు ఫోకస్ చేసే శక్తిని కొంచెమే తింటుంది, ఇమేజ్ వంపుని మాత్రం తన పవర్ మేరకు పూర్తిగా తగ్గిస్తుంది. ఇది తెలిసినవాడికి పెద్ద ఫోటో లెన్సుల్లో సగం రూపాలు చూడగానే అర్థమవుతాయి. తెలియనివాడికి అవి వట్టి గాజు ముక్కల వరుస.

మెరిట్‌ఫంక్షన్:
ఇది చాలా బాగా చెప్పారు, ఒప్పుకుంటున్నాను. కానీ మీరు ఇప్పుడు చెప్పినదానికి ఒక పేరా సరిపోయింది. అయిదొందల పేజీలు అక్కర్లేదు.

పాతకిరణం:
ఆ పేరా రాయడానికి నాకు ఆ అయిదొందల పేజీలూ పట్టాయండీ.

బ్యారెల్‌బాబు:
నేను మెకానికల్ వైపు వాణ్ని, లెన్సుల్ని బ్యారెల్‌లో (లెన్సుల్ని పట్టి ఉంచే గొట్టంలో) కూర్చోబెట్టే పని. మీ ఇద్దరి లెన్సులూ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంటాయి, నా బెంచీ మీదకొచ్చేసరికి బొమ్మ మసకబారుతుంది. ఇందాక పొగిడిన ట్రిప్లెట్‌లో ఆ మధ్య లెన్సు రవ్వంత పక్కకి జరిగితే చాలు, చిత్రం చెడుతుంది. బలమైన పవర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ నిలబడిన డిజైన్ అది, జరగడాన్ని అస్సలు సహించదు. డిజైనర్లు టాలరెన్సుల (తయారీలో ఎంత తేడా వచ్చినా ఫరవాలేదో చెప్పే హద్దుల) అధ్యాయాన్ని చివర్లో పెట్టుకుని, చదవకుండానే పుస్తకం మూసేస్తారు. రాబర్ట్ ఫిషర్ వాళ్ల 'ఆప్టికల్ సిస్టమ్ డిజైన్'లో టాలరెన్సులు, తయారీ, అమరిక గురించి సూటిగా ఉంటుంది. సిద్ధాంతం తక్కువే, కానీ ఫ్యాక్టరీకి డ్రాయింగ్ పంపే ముందు ఏం చూసుకోవాలో తెలుస్తుంది. కొత్తచేయి గారి పని సెన్సర్లతో కాబట్టి ఆయనకి ఇదే ఎక్కువ ఉపయోగం.

అర్ధచంద్రం:
ఇంతమంది ఇన్ని పేర్లు చెప్పారు గానీ, ఎవరూ కాన్రాడీ పేరు ఎత్తలేదేం? పాత పుస్తకాల చర్చలో ఆయన లేకపోతే ఎలా?

పాతకిరణం:
కావాలనే ఎత్తలేదు. ఆయన 'అప్లైడ్ ఆప్టిక్స్ అండ్ ఆప్టికల్ డిజైన్' మొదటి భాగం 1929లో వచ్చింది. రెండోదాన్ని ఆయన పోయాక కింగ్స్‌లేక్ పూర్తి చేసి 1960లో తెచ్చారు. మామగారు వదిలేసింది అల్లుడు పూర్తి చేశాడన్నమాట. గొప్ప పుస్తకం, కానీ లాగరిథమ్ టేబుళ్ల కాలం నాటి లెక్కలు. కొత్తవాళ్లకి నేను కూడా ఇవ్వను. ఇంకో చిక్కు, ప్లస్ మైనస్ గుర్తుల నియమం ఈ పుస్తకాల్లో ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. ఒక పుస్తకంలో సూత్రం, ఇంకో పుస్తకంలో ఉదాహరణ తీసుకుంటే జవాబు తలకిందులవుతుంది. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకునేటప్పుడు ముందు ఆ నియమాల పేజీ చదువుకోండి.

నాలుగో_ఉపరితలం:
రెండు పుస్తకాలే అన్నారు కాబట్టి రెండోదానికి నా ఓటు మైకేల్ కిడ్జర్ 'ఫండమెంటల్ ఆప్టికల్ డిజైన్'. ఆయన పోయాక 2001లో అచ్చయింది. సన్నటి పుస్తకమే, కానీ అబెరేషన్ల నుంచి ఆప్టిమైజేషన్‌కి వెళ్లే వంతెన ఇంత శుభ్రంగా ఎవరూ కట్టలేదు. యంత్రం ఏం చేస్తోందో కూడా చెబుతుంది, ఎక్కడ మోసపోతుందో కూడా చెబుతుంది. కాస్త కొత్తది కావాలంటే హోసే సాసియాన్ 2019లో తెచ్చిన 'ఇంట్రడక్షన్ టు లెన్స్ డిజైన్' ఉంది. అది కూడా మంచిదే. గ్రీవెన్‌క్యాంప్ 'ఫీల్డ్ గైడ్' జేబులో పట్టేంత చిన్నది కదా అని చాలామంది దానితో మొదలుపెడతారు. అది తెలిసినవి గుర్తు చేసుకోవడానికి, నేర్చుకోవడానికి కాదు. వెల్‌ఫర్డ్ అబెరేషన్ల పుస్తకం ఇప్పుడే తెరవకండి, ఉత్సాహం చచ్చిపోతుంది.

కొత్తచేయి:
అందరికీ ధన్యవాదాలు. స్మిత్ తెప్పించుకున్నాను. కిడ్జర్, ఫిషర్‌లలో ఏది కొనాలో ఇంకా తేల్చుకోలేదు. ఈలోగా ఆగలేక ఆస్లోలో ఒక డబ్లెట్ మొదలుపెట్టాను. ఫోకల్ లెంగ్త్ 100, వ్యాసం 20 మి.మీ., గ్లాసులు బీకే7, ఎఫ్2. నాలుగో_ఉపరితలం గారు ఎఫ్2 వద్దన్నారు కాబట్టే, ఎందుకు వద్దో చూద్దామని అదే పెట్టాను. మొదటి లెన్సు మధ్యలో మందం 2 మి.మీ. ఇచ్చి ఆప్టిమైజ్ కొట్టాను. స్పాట్ బాగానే చిన్నదైంది. కానీ బొమ్మలో మొదటి లెన్సు రెండు ఉపరితలాలూ అంచు దగ్గర ఒకదాన్నొకటి దాటిపోయి కనిపిస్తున్నాయి. ప్రోగ్రామ్‌లో తేడానా?

మెరిట్‌ఫంక్షన్:
తేడా ఏమీ లేదు. అంచు మందం ఇంతకంటే తగ్గకూడదని మీరు చెప్పలేదు, అది పట్టించుకోలేదు. దానికి గాజు సంగతి తెలియదు, మీరిచ్చిన అంకెల సంగతే తెలుసు. మెరిట్ ఫంక్షన్‌లో (ప్రోగ్రామ్ ఏం తగ్గించాలో, ఏ హద్దులు పాటించాలో చెప్పే జాబితాలో) అంచు మందానికి కనీస హద్దు ఒక్క లైను చేర్చండి, మధ్య మందాన్ని వేరియబుల్‌గా వదలండి, సర్దుకుంటుంది.

పాతకిరణం:
ఆ లైను చేర్చే ముందు ఒక్క నిమిషం. మొదటి లెన్సు ఫోకల్ లెంగ్త్ 43 అన్నాం కదా. రెండు వైపులా సమానంగా ఉబ్బెత్తు అనుకుంటే ఒక్కో వంపు వ్యాసార్ధం 45 మి.మీ. దగ్గర్లో వస్తుంది. అంచు ఎత్తు 10, అంటే వ్యాసంలో సగం. దాని వర్గాన్ని వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగిస్తే వంద బై తొంభై, అంటే ఒక్కో వైపు 1.1 మి.మీ. లోతు. రెండూ కలిపితే 2.2. మీరిచ్చిన మందం 2. దాటక ఏం చేస్తాయి? మందం 4 ఇవ్వండి, అంచున 1.8 మిగులుతుంది.

బ్యారెల్‌బాబు:
1.8 ఉంటే పట్టుకోవడానికి నాకు చాలు. అంచులో చాంఫర్‌కి (పదును పోయేలా ఏటవాలుగా చెక్కడానికి) కూడా చోటు ఉంచారని లెక్కేసుకోండి.

మెరిట్‌ఫంక్షన్:
పాతకిరణం గారు చేసిన లెక్కని నా లైను ప్రతి సైకిల్‌లోనూ తనంతట తనే చేస్తుందని మరోసారి మనవి.

నాలుగో_ఉపరితలం:
కొత్తచేయి గారూ, మందం 4 పెట్టి, హద్దు లైను కూడా పెట్టి మళ్లీ కొట్టండి. అదయ్యాక ఎఫ్2 తీసి ఎస్ఎఫ్5 పెట్టి ఇంకోసారి. రెండింటి వంపులూ, స్పాట్ సైజులూ ఇక్కడ పెట్టండి. ఫిషర్, కిడ్జర్‌లలో మీకు ఏది కావాలో ఆ అంకెలు చూశాక మాట్లాడుకుందాం.