అప్‌డేట్: సెయిల్ బోటు లాకర్ గడియల పని అయిపోయింది

విశాఖలోని పాత సెయిల్ బోటు క్యాబిన్‌లో మూడు లాకర్ (సామాను పెట్టే అర) తలుపులకు గడియలు లేవు, బందులు ఊగుతున్నాయి, ఏం చేయాలని ఇంతకుముందు అడిగిన. చెప్పినోళ్లందరికీ థాంక్స్.

తలుపులు వరంగల్ తెచ్చి చూపిస్తే వడ్రంగి అసలు సంగతి పట్టిండు: ఎప్పుడో ఎవరో బందులకు ఇనుప స్క్రూలు బిగించిన్రు. ఉప్పుగాలికి తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి పట్టు పోయింది. ఆ రంధ్రాలను 8 ఎంఎంకు పెంచి, టేకు బిరడాలను ఎపాక్సీతో అతికించి, ఒకరోజు ఆగి 2.5 ఎంఎం రంధ్రం చేసినం. ముందు ఇత్తడి స్క్రూ సైజుదే ఇనుప స్క్రూ ఎక్కించి తీసి, తర్వాత మైనం రాసిన ఇత్తడిది బిగించినం. నేరుగా ఇత్తడిది తిప్పితే తల తెగిపోతది (ఒకటి తెగింది కూడా). ప్లైవుడ్ 12 ఎంఎమ్మే, స్క్రూ కొన బయటికి రావద్దు.

గడియలు పడవలో మిగిలిన ఒక్క పాత గడియ నమూనాతో ఇత్తడి పట్టీలో చేయించినం.

తలుపులు చిత్రిక పట్టే అవసరం పడలేదు. గడియలకు బదులు మాగ్నెట్ క్యాచ్‌లు (అయస్కాంతంతో తలుపును పట్టి ఉంచేవి) వద్దు: పడవ ఒరిగితే సామాను బరువుకు తెరుచుకుంటయి, దగ్గర్లో దిక్సూచి ఉంటే అదీ తప్పు చూపిస్తది.