ఊరెళ్ళినప్పుడు ముందు ఏం మారినట్టు కనిపించింది? సిక్కోలు (శ్రీకాకుళం), విజీనారం (విజయనగరం) వాళ్ళు చెప్పండి

కవిటి తోట:
సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాను. మాది కవిటి దగ్గర. నేను హైదరాబాదులో స్థిరపడ్డాక పండగలకి అమ్మే ఇటు వచ్చేసేది, అందుకని నేను అటు వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఈసారి సోంపేట స్టేషన్లో దిగి ఆటోలో వెళ్తుంటే ఊరింకా దూరం ఉండగానే మేడలు కనబడ్డాయి. చిన్నప్పుడు అలా కాదు. కొబ్బరి, జీడి, పనస దాటుకుని లోపలికి వెళ్తే గాని ఇల్లు కనబడేది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి మా తాత వేసిన కొబ్బరి చాలావరకు పడగొట్టేసింది. అప్పుడు ఫోన్లో విన్నాను, టీవీలో చూశాను. మిట్టమధ్యాహ్నం మా తోట గట్టు మీద నడుస్తుంటే నెత్తి మాడిపోయింది. ఆ గట్టు మీద ఎండ అంటే ఏమిటో చిన్నప్పుడు మాకు తెలియదు. పడిపోయిన చెట్లకి పరిహారం రాశారు, ఆ నీడకి ఎవరు రాస్తారు?

ఇళ్ళు మాత్రం బాగున్నాయి. పెంకుటిళ్ళ చోట స్లాబులు, టైల్స్, పెద్ద గేట్లు. గేట్లలో చాలావాటికి తాళాలు. కుర్రాళ్ళంతా గల్ఫ్, చెన్నై, ముంబై. ఇల్లు కట్టుకోడానికి ఊరొదిలారు, కట్టాక ఉండటానికి లేరు. నాకు అన్నిటికన్నా బాధనిపించింది ఇదే. మీ ఊళ్ళల్లో ఎలా ఉంది?

సోంపేట బీల:
అన్నా, మాదీ అదే కథ. ఆ ఏడాదే మళ్ళీ కొబ్బరి వేసినవాళ్ళకి ఇప్పుడిప్పుడే కాపు వస్తోంది. మన పొడుగు రకం కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది కదా. ఈలోగా తెల్లదోమ పట్టింది. ఆకు అడుగున తెల్లగా పేరుకుని, దాని జిగురు కారి కింది ఆకులన్నీ మసిబారిపోతాయి. మా చిన్నాన్న విసిగిపోయి జీడి అంట్లు వేశాడు. మూడో ఏటికే పిక్కలొచ్చాయి. కాని 80 కిలోల బస్తాకి ధర చెప్పేది పలాస వ్యాపారులే. ఆఫ్రికా పిక్క దిగుమతి అవుతుంటే మన పిక్కని అడిగేవాడేడీ?

మారనిది కూడా ఒకటి చెప్పాలి. మా బీల, అదే ఊరి పక్క చిత్తడి నేల, అలాగే ఉంది. అక్కడ థర్మల్ ప్లాంటు వద్దని జనం నిలబడ్డారు, 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్లాంటు రాలేదు. ఇప్పటికీ నీళ్ళున్నాయి, వరి ఉంది, పక్షులొస్తున్నాయి. అటు వెళ్ళినప్పుడల్లా వాళ్ళకి దండం పెట్టుకుంటాను.

రాజాం రోడ్డు:
మాకు ఏకంగా జిల్లాయే మారింది. 2022 ఏప్రిల్ 4 నుంచి రాజాం విజయనగరంలో ఉంది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. కలెక్టరాఫీసులో పనుంటే ఇప్పుడు విజీనారం బస్సెక్కాలి. మా నాయనమ్మని ఏ జిల్లా అని అడిగితే ఇప్పటికీ సిక్కోలే అంటాది.

పొందూరు ఆడపడుచు:
మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి, ఒంటి కదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీసేది. అంత సన్నటి నూలు చేత్తో తీసేవాళ్ళు దేశంలో ఎక్కడో గాని లేరు. ఈసారి వెళ్తే మా వీధిలో రాట్నం చప్పుడు ఒకటీ అరా ఇళ్ళల్లోనే. కూర్చున్నవాళ్ళంతా మా అమ్మ ఈడువాళ్ళు. దీనికి పిల్లల్ని తప్పుపట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. పొద్దస్తమానం వడికినా ఉపాధి హామీ కూలంత కూడా రాకపోతే, ఏ తల్లి కూతుర్ని రాట్నం ముందు కూర్చోబెడుతుంది? ఖద్దరు గొప్పదని చెప్పేవాళ్ళు ముందు వడికే చేతికి కూలి పెంచమని అడగాలి.

కడలి ఒడ్డు:
తాళాల మాట చదివాక రాయాలనిపించింది. మాది ఎచ్చెర్ల మండలం, సముద్రం పక్కన. వేట రోజుల్లో మా ఊరొస్తే ముసలాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలే ఉంటారు. మగోళ్ళంతా గుజరాత్ వీరావల్‌లో బోట్ల మీద కూలికి. 2018లో మా జిల్లావాళ్ళని, విజయనగరం వాళ్ళని పాకిస్తాన్ పట్టుకుపోయింది, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. అన్నాళ్ళూ ఆ ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో మాకు తెలుసు. అయినా మళ్ళీ వెళ్తున్నారు. ఇక్కడ బోటు కట్టుకోడానికి సరైన జెట్టీ ఉంటే ఎందుకెళ్తారు చెప్పండి?

కవిటి తోట:
కడలి ఒడ్డు తమ్ముడూ, మీ మాట చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను.
పొందూరు అప్పా, కూలి గురించి మీరన్నది నిజం.

మంచి మార్పు ఒకటి ముందు రాయలేదు. మా మావయ్యకి కిడ్నీ జబ్బు. ఒకప్పుడు ఉద్దానం వాళ్ళు, అంటే మా కవిటి, సోంపేట వైపు వాళ్ళు, డయాలసిస్‌కి విశాఖ కేజీహెచ్‌కి పోయేవారు, రానూపోనూ రోజంతా పట్టేది. ఇప్పుడు సోంపేటలోనే చేయించుకుంటున్నాడు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందో మాత్రం ఇంకా తేలలేదు. మా అమ్మ బావి నీళ్ళే తియ్యగా ఉంటాయంటుంది. కుళాయి నీళ్ళే తాగమని ఉన్నన్నాళ్ళూ పోట్లాడాను.

సోంపేట తమ్ముడూ, మా తోటలో ఖాళీ అయిన జాగాలో ఏం వెయ్యమంటావు?

ఇజీనారం పిల్లోడు:
మా దగ్గర మూడు లాంతర్లు 2020లో తీసేశారు. కూడలి అదే, పేరూ అదే, ఆ పాత కట్టడమే లేదు. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, మా సిరిమాను మాత్రం దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతోంది. ఆ రోజుకి ఎక్కడెక్కడివాళ్ళూ వచ్చేస్తారు. తాళాలు తెరుచుకోవాలంటే పండగలు ఉండాలండీ.

సోంపేట బీల:
అన్నా, మొత్తం ఒకే పంట వెయ్యొద్దు. జీడి అంట్లు ఎనిమిది మీటర్ల ఎడంలో వెయ్యి, గట్టు పొడుగునా కొబ్బరి, పనస పెట్టు. మొక్కలు జూన్, జులైలో వానలు పడ్డాక నాటొచ్చు, గోతులు మాత్రం మే నెలలోనే తవ్వించు. నీకు సెలవు దొరక్కపోతే చెప్పు, మా చిన్నాన్నని పంపిస్తాను.