లివింగ్‌స్టోనియా ఘనత ఎవరిది?

చర్చాంశం: మలావిలోని లివింగ్‌స్టోనియా వంటి మిషన్ పట్టణం అక్కడి ఆఫ్రికన్లను ఎదగనిచ్చిందా, అదుపులో ఉంచిందా?

బందరు మాస్టారు:
ఆఫ్రికాలోని మలావి ఉత్తర భాగంలో మలావి సరస్సుకు సుమారు 900 మీటర్ల ఎత్తున, కొండ అంచున ఉన్న చిన్న ఊరు లివింగ్‌స్టోనియా. స్కాట్లాండ్ ఫ్రీ చర్చి వారు 1875లో సరస్సు దక్షిణ కొసన కేప్ మెక్లియర్‌లో మిషన్ పెట్టారు. జ్వరాలతో మనుషులు పోతుంటే 1881లో సరస్సు ఒడ్డునే ఉన్న బండావేకు తరలించారు. అక్కడా మలేరియా వెంటాడింది. చివరికి 1894లో మిషన్ పెద్ద డాక్టర్ రాబర్ట్ లాస్ ఈ ఖొండోవే కొండను ఎంచుకున్నారు. ఊరికి పేరిచ్చిన స్కాట్లాండ్ మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే చనిపోయాడు.

నేను మిషన్ పక్షాన నిలబడుతున్నాను. ఇక్కడి ఓవర్‌టౌన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చదువు చెప్పడమే కాదు, వడ్రంగం, తాపీపని, అచ్చుపని నేర్పారు, ఉపాధ్యాయులను తయారుచేశారు. ఆ బడిలో చదివిన క్లెమెంట్స్ కడాలీ 1919లో కేప్‌టౌన్‌లో నల్లజాతి కార్మికుల సంఘం పెట్టి దక్షిణాఫ్రికాను కుదిపేశాడు. అక్కడే చదివిన లెవీ ముంబా 1944లో న్యాసాలాండ్ (మలావి పాత పేరు) ఆఫ్రికన్ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షుడయ్యాడు. అక్కడ తయారై ఉత్తర రొడీషియాకు (నేటి జాంబియా) బోధకుడిగా వెళ్లిన డేవిడ్ కౌండా కొడుకే జాంబియా తొలి అధ్యక్షుడు కెనెత్ కౌండా. చేరడానికే గగనమైన ఒక కొండ ఊరి నుంచి ఇంతమంది వచ్చారంటే, ఆ బడికి దక్కాల్సిన గౌరవం దక్కాలి.

శారద, విశాఖ:
మాస్టారు గారూ, మీరు చెప్పిన పేర్లన్నీ నిజమే. వాళ్లు ఎదిగింది మిషన్ చేయిపట్టి నడిపించినందువల్లనా, మిషన్ గీసిన గీత దాటినందువల్లనా? నాకు రెండోదే కనిపిస్తోంది.

ముందు డబ్బు సంగతి. ఇన్‌స్టిట్యూషన్‌కు పేరు వచ్చింది లార్డ్ ఓవర్‌టౌన్ నుంచి. ఆయన గ్లాస్గో దగ్గర రసాయనాల కర్మాగారానికి యజమాని, చర్చికి పెద్ద దాత. అదే పెద్దమనిషి కర్మాగారంలో కార్మికులు వారానికి ఏడు రోజులూ, రోజుకు పన్నెండు గంటలూ పనిచేసేవారు. క్రోమ్ పొడికి వాళ్ల ముక్కు లోపలి గోడకు రంధ్రాలు పడేవి. 1899లో కార్మిక నాయకుడు కీర్ హార్డీ కరపత్రాలు వేసి ఈ సంగతి బయటపెట్టాడు. ఆదివారం విశ్రాంతి పవిత్రమని ఇతరులకు చెప్పే మనిషి సొంత కూలీలకు ఆ ఆదివారం ఇవ్వలేదు. ఆ డబ్బుతో లేచిన బడిని పొగిడేటప్పుడు ఆ కూలీలను ఎలా మరిచిపోతాం?

రెండోది అధికారం. 1875లో మొదలైన మిషన్ తన తొలి ఆఫ్రికన్ పాస్టర్లను అభిషేకించింది 1914లో. యెసయా జెరెంజె ఎంవాసి, జోనాథన్ చిర్వా, హెజెకియా ట్వెయా, ముగ్గురే ముగ్గురు. దాదాపు నలభై ఏళ్లు! ఆ ఎంవాసే 1933లో బయటికి వచ్చి నల్లవారి సొంత చర్చి పెట్టుకున్నాడు. విసిగిపోకుండా ఎవరైనా అలా వెళతారా?

ఎలియట్ కమ్వానా కథ ఇంకా బాధాకరం. అదే బడి విద్యార్థి. ఫీజులు పెట్టాక చదువు వదిలేశాడు. దక్షిణాఫ్రికా వెళ్లి, వాచ్‌టవర్ (నేటి యెహోవా సాక్షుల మూల సంస్థ) బోధ నేర్చుకుని, 1908లో తిరిగొచ్చి సరస్సు పడమటి ఒడ్డున ఉండే టోంగా జాతి గ్రామాల్లో వేలమందికి బాప్తిస్మం ఇచ్చాడు. మిషన్‌లో బాప్తిస్మానికి ఏళ్ల తరబడి పరీక్షలు. ఈయన దగ్గర విశ్వాసం చాలు. ప్రభుత్వం 1909లో ఆయన్ను దేశం నుంచి పంపేసింది.

చెన్నై తెలుగువాడు:
ఒక్క మాట. మన మద్రాసు క్రిస్టియన్ కాలేజీని పెంచింది కూడా ఆ ఫ్రీ చర్చే. అక్కడ చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, మిషనరీలు హిందూ ధర్మాన్ని విమర్శించడం విని దాన్ని లోతుగా చదవాలన్న పట్టుదల తనలో కలిగిందని చెప్పుకున్నారు. బడి పెట్టినవాళ్లు ఒకటి ఆశిస్తారు, చదువుకున్నవాళ్లు మరొకటి చేస్తారు. కమ్వానాను, కడాలీని ఈ వరుసలోనే చూస్తాను.

నల్లమల పాఠకుడు:
ఇద్దరూ తెల్లవారి చుట్టూనే తిరుగుతున్నారు, క్షమించండి. 1876లో దక్షిణాఫ్రికాలోని లవ్‌డేల్ మిషన్ బడి నుంచి నలుగురు నల్లజాతి బోధకులు ఈ మిషన్‌కు వచ్చారు. వారిలో విలియం కోయి దక్షిణాఫ్రికా ఖోసా జాతి మనిషి. దక్షిణాది నుంచి వలస వచ్చి ఇక్కడ స్థిరపడ్డ యోధజాతి ఎన్‌గోనీలు మాట్లాడే భాష ఆయన భాషకు దగ్గర కాబట్టి, లాస్‌కు తెరుచుకోని తలుపులు ఆయనకు తెరుచుకున్నాయి. ఆ యుద్ధ వీరుల కొలువులో ఏళ్ల తరబడి ఓర్పుగా ఉండి, 1886లో అక్కడే కన్నుమూశాడు. లివింగ్‌స్టోనియా చర్చి రంగుటద్దాల కిటికీలో మాత్రం లివింగ్‌స్టన్ బొమ్మ ఉంది.

బందరు మాస్టారు:
కోయి కూడా ఈ కొండను చూడలేదు కదా, నాయనా. అయినా మీ మాటతో నాకు పేచీ లేదు. నా వాదనకు అది బలమే. మిషన్ అంటే లాస్ ఒక్కరే కాదు.

శారద గారికి మాత్రం ఒకటి చెప్పాలి. 1912లో ఉత్తర న్యాసా స్థానికుల సంఘం ఏర్పడినప్పుడు లాస్ దాన్ని అడ్డుకోలేదు, ప్రోత్సహించారు. 1959లో వలసపాలనపై ఆందోళనలతో అత్యవసర పరిస్థితి వచ్చినప్పుడు, మిమ్మల్ని తరలించమంటారా అని అడుగుతూ ప్రభుత్వ విమానం కొండ మీద సందేశం జారవిడిచింది. మిషనరీలు నేల మీద రాళ్లు పేర్చి 'ఎఫెసీయులకు 2:14' అని జవాబిచ్చారు. మధ్యగోడ కూలిపోయి ఇరువురూ ఒక్కటయ్యారని చెప్పే వచనమది. వెళ్లం, ఈ జనంతోనే ఉంటాం అన్నమాట. అదుపు చేయడానికి వచ్చినవాళ్లు ఆ రోజు విమానం ఎక్కి ఉండేవారు.

శారద, విశాఖ:
ఆ రాళ్ల జవాబును నేనూ గౌరవిస్తాను. కానీ 1959 నాటి ధైర్యాన్ని 1909 ఖాతాలో వేయకండి. ఈ రెంటికీ మధ్య యాభై ఏళ్లు ఉన్నాయి. 1914లో ముగ్గురితో మొదలై ఆఫ్రికన్ పాస్టర్లు పెరిగారు, 1924లో లివింగ్‌స్టోనియా, బ్లాంటైర్ ప్రెస్బిటరీలు (ప్రాంతీయ చర్చి మండలులు) కలిసి మధ్య ఆఫ్రికా ప్రెస్బిటీరియన్ చర్చి ఏర్పడింది, ఎంవాసి వంటివాళ్లు ఎదురు తిరిగి వెళ్లిపోయారు. ఆ ఒత్తిడే మిషనరీలను మార్చింది. గోడ పడగొట్టారంటున్నారు, బాగుంది. లోపలి వైపు నుంచి మొదటి దెబ్బలు కొట్టినవాళ్లలో ఒకరిని ప్రభుత్వం వెళ్లగొట్టింది, ఇంకొకరు వేరు కాపురం పెట్టుకున్నారు. వాళ్ల పేర్లు చెప్పకుండా మీ గౌరవపు లెక్క పూర్తి కాదు మాస్టారు గారూ.