సీఎస్‌వీ ఫైలు ఎక్సెల్‌లోనే తెరుచుకోవాలా?

గంటస్తంభం (విజయనగరం):
గంటస్తంభం దగ్గర మూడు కంప్యూటర్లతో డేటా ఎంట్రీ, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల పని చేస్తున్నాను. సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టి రాసిన మామూలు టెక్స్ట్ పట్టిక) మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్ బదులు నోట్‌ప్యాడ్ తెరుచుకునేలా నిన్న మూడింటిలోనూ మార్చేశాను. మా దగ్గర పనిచేసే ఇద్దరికీ ఇది నచ్చలేదు. అందుకే మీ మాట కూడా వినాలని రాస్తున్నాను.

గజపతినగరం వైపు రైతుల జాబితా ఒకటి మా దగ్గరికి వచ్చింది. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఆధార్. మా అబ్బాయి ఒక పేరులో అక్షరం సరిచేయడానికి ఫైలు తెరిచాడు, సరిచేశాడు, సేవ్ చేసి మూశాడు. అతను చేసింది అంతే. 12-3 అనే సర్వే నంబరు మార్చి 12వ తేదీ అయిపోయింది. 145-2 మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే 145వ తేదీ ఏ నెలలోనూ లేదు. అన్నీ పాడైతే అప్పుడే కంటపడేది. కొన్ని పాడై కొన్ని బాగుండడం వల్ల ఎవరమూ గమనించలేదు. 12 అంకెల ఆధార్ 2.34E+11గా మిగిలింది, సేవ్ చేశాక అసలు అంకెలు ఫైల్లోనే లేవు. విస్తీర్ణం సంగతి మరీ ఘోరం. 1.20 కాస్తా 1.2 అయింది. మన దగ్గర 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు. 1.2 అని చూసినవాళ్లు ఎకరం రెండు సెంట్లు అనుకోరా? కాగితం దరఖాస్తులు ముందేసుకుని మూడు రోజులు మళ్లీ ఎక్కించాం.

నా వాదన ఒక్కటే. రెండుసార్లు నొక్కితే వచ్చే ప్రోగ్రాం ఫైల్లో ఉన్నది ఉన్నట్టు చూపాలి, తనంతట తాను ఊహించకూడదు.

నాగావళి లెక్కలు (శ్రీకాకుళం):
మీ కష్టం అర్థమైంది కానీ మందు సరైనది కాదండీ. నేను ఏడు రోడ్ల కూడలి దగ్గర పిల్లలకు అకౌంట్లు నేర్పుతాను. బ్యాంకు లావాదేవీలు సీఎస్‌వీలో దించుకుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపించేది కామాల బారు. జమ ఏదో ఖర్చు ఏదో వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. సరిచేస్తూ పొరపాటున ఒక కామా చెరిపితే ఆ వరుసలోని అంకెలన్నీ పక్క గడిలోకి జరుగుతాయి. అది మాత్రం నష్టం కాదా?

ఎక్సెల్‌లోనే సరైన దారి ఉంది. ముందు ఖాళీ షీటు తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, డేటా రకాలను గుర్తించవద్దని ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టే వస్తుంది. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ తమంతట తాము జరిగే మార్పులను ఆపే ఎంపికలు కూడా ఇచ్చింది. ముందు సున్నాలు తీసేయవద్దనీ, పొడవాటి సంఖ్యలను కుదించవద్దనీ చెప్పుకోవచ్చు. మనిషికి పని నేర్పాలి గాని పనిముట్టును దాచేయకూడదు.

ఉద్దానం జీడి (పలాస):
నా ఇబ్బంది వేరు. జీడిపిక్కలు తెచ్చే రైతుల పేర్లు మేం తెలుగులోనే రాసుకుంటాం. అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఫైలు మొదట్లో ఫలానా పద్ధతి అని చెప్పే గుర్తు లేకపోతే, ఎక్సెల్ ఒక్కో బైటును ఒక్కో ఐరోపా అక్షరంగా చదువుతుంది. అందుకే అక్షరానికి మూడేసి పిచ్చి గీతలు వస్తాయి. మావాళ్లు అది చూసి ఫైలు పాడైందనుకుని రెండుసార్లు చెరిపేశారు. ఫైలు నిక్షేపంగా ఉంది, చదివే పద్ధతే తప్పు.

నేను ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రె ఆఫీస్ కాల్క్ పెట్టుకున్నాను. డబ్బు కట్టనక్కరలేదు. సీఎస్‌వీ నొక్కగానే అది ముందు ఒక పెట్టె చూపించి ఏ లిపి పద్ధతి, ఏ గుర్తుతో విడదీయాలి అని అడుగుతుంది. కింద నమూనా కనిపిస్తుంది. సర్వే నంబరు నిలువు వరుసను ఎంచి ‘టెక్స్ట్’ అంటే ముట్టుకోదు. ఊహించకుండా అడిగే ప్రోగ్రాం కావాలంటే ఇదే.

గంటస్తంభం (విజయనగరం):
నాగావళి లెక్కలు గారూ, నేర్పలేదని ఎందుకనుకున్నారు? రెండుసార్లు నేర్పాను. కానీ బయట పదిమంది వరుసలో నిలబడి ఉన్నప్పుడు చెయ్యి తెలిసిన దారినే పోతుంది. మీరు చెప్పిన 2023 ఎంపికల్లో తేదీకి సంబంధించినది అక్షరాలూ అంకెలూ కలిసిపోయిన మాటల కోసం. మా సర్వే నంబర్లలో ఉన్నది అక్షరం కాదు, గీత. పైగా మా ఎక్సెల్ పాతది, అందులో ఆ ఎంపికలే లేవు.

ఇంకో మాట. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అనే పేర్లుండేవి. ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తూ ఉండడంతో, పేర్లు పెట్టే సంఘమే 2020లో దిగివచ్చి మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చుకుంది. వాళ్లందరికీ పని రాకనా? శాస్త్రవేత్తలు పేర్లు మార్చుకోగలిగారు. మా రైతు తన పొలం సర్వే నంబరు మార్చుకోలేడు.

కోట వెనుక (విజయనగరం):
నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. విండోస్‌లో ఈ ఎంపిక ఫైలుకు కాదు, పేరు చివరి తోకకు (.csv లాంటిది) వర్తిస్తుంది. రైతుల జాబితాకు ఒకటి, బ్యాంకు లెక్కకు ఇంకొకటి అని పెట్టలేం. అయితే అది కంప్యూటర్ మొత్తానికి కాక, వాడుతున్న ఖాతా వరకే ఉంటుంది. జాబితాల పనికి వేరే ఖాతా తెరవండి. అందులో ఒక సీఎస్‌వీ మీద కుడి బటన్ నొక్కి, ‘ఓపెన్ విత్’లో కాల్క్ ఎంచుకుని ‘ఆల్వేస్’ అనండి. అసలు ఖాతాలో ఎక్సెల్ అలాగే ఉంటుంది.

నాగావళి లెక్కలు (శ్రీకాకుళం):
ఎకరం ఇరవై సెంట్ల సంగతి నిజంగా నాకు తట్టలేదు. రాత్రి మా తరగతిలో 1.20 వేసి చూశాను, సున్నా పోయింది. దీన్ని పిల్లలకు మొదటి పాఠంగా చెబుతాను. అయినా ఎక్సెల్‌ను తీసేయాలన్న మాటకు ఒప్పుకోను. రేపు వాళ్లు ఉద్యోగంలో చేరే చోట ఎదురయ్యేది అదే. అక్కడ డీఫాల్ట్ మార్చే అధికారం వాళ్లకు ఉండదు. ప్రమాదం ఎక్కడుందో తెలిసిన చెయ్యే వాళ్లను కాపాడుతుంది.

గంటస్తంభం (విజయనగరం):
మీ పిల్లల విషయంలో మీరన్నది సరైనదే. మా అంగడి లెక్క వేరు, ఇక్కడ పోయేది ఊరివాళ్ల అంకెలు. కామా చెరిగిపోతుందన్న మీ మాటతో నోట్‌ప్యాడ్ మానేశాను. ‘జాబితాలు’ అని వేరే ఖాతా తెరిచి అందులో కాల్క్ పెట్టాను. వచ్చిన ఫైలు అసలు ప్రతిని మార్చడానికి వీల్లేకుండా పక్కన దాచి, నకలు మీదే పనిచేస్తున్నాం. ఉద్దానం జీడి గారూ, ప్రతిసారీ నిలువు వరుసలన్నీ ‘టెక్స్ట్’ అని మార్చడానికి మావాళ్లు విసుక్కుంటున్నారు. మీరు మొదటి నిలువు వరుస నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కి ఒకేసారి మారుస్తున్నారా, విడివిడిగానా?